పార్కులో ఎకరా 23 గుంటలు



హాకీ మైదానానికి ఎంత జాగా కావాలని అడిగితే చాలామంది రెండు చేతులూ బార్లా చాపి చూపిస్తారు. లెక్క కష్టమైందేమీ కాదు. గీతల మధ్య ఆడే స్థలం 91.40 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. పరుగు మీద ఉన్న ఆటగాడు ఆగడానికి గోలు గీతల వెనక 5 మీటర్లు, పక్క గీతల బయట 4 మీటర్లు వదలాలి. అన్నీ కలిపితే 101.40 మీటర్ల పొడవు, 63 మీటర్ల వెడల్పు. మన భూమి లెక్కలో ఎకరా 23 గుంటలు. ఒక చిన్న రైతు చేతిలో ఉండేపాటి పొలం.

ఆ ఎకరా 23 గుంటలు నగరంలో ఎక్కడ ఉండాలన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్న విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊరు దాటి, రింగు రోడ్డు దాటి, బస్సు పోని చోట ప్రహరీ కట్టి తాళం వేసిన స్టేడియం మన పిల్లలకు హాకీ నేర్పదు. హాకీ మైదానం పబ్లిక్ పార్కులో ఉండాలి. పొద్దున్నే పెద్దవాళ్ళు నడిచే చోట, సాయంత్రం తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే చోట, బెంచీ మీద కూర్చున్న ముసలాయన కూడా తల తిప్పితే ఆట కనిపించే చోట ఉండాలి.

పార్కంటే చెట్లు, పూలు, పచ్చిక, ఇందులో స్టేడియం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. వరంగల్ వాళ్ళకు ఆ అనుమానం రాకూడదు. హనుమకొండ పబ్లిక్ గార్డెన్ లోపలే నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. మట్టెవాడలో 1932లో పుట్టి, మిమిక్రీ చేసే తన గొంతుతో ప్రపంచమంతా తిరిగివచ్చిన మనిషి పేరు మీద, చెట్ల నడుమ, ఊరి మధ్యలో రంగస్థలం. అక్కడ నాటకమో నాట్యమో జరుగుతుంటే వాకింగుకు వచ్చినవాళ్ళు కూడా ఆగి చూస్తారు. కార్డు లేదు, పిలుపు లేదు. కళను పార్కులో పెట్టుకున్న ఊరు మనది. ఆటకు మాత్రం ఎందుకు చోటు ఉండకూడదు?

మంచి నేల దొరికితే ఏమవుతుందో ఈ ఊరు కళ్ళారా చూసింది కూడా. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వేశాక 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు ఇక్కడే జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్ల పరుగును 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తిచేసింది. 2002 నుంచి సునీతా రాణి పేరు మీద ఉన్న జాతీయ రికార్డు 19 ఏళ్ళ తర్వాత హనుమకొండలో చెరిగిపోయింది. రికార్డు కొట్టింది ఆ అమ్మాయి కాళ్ళే. కానీ అవే కాళ్ళు మట్టి ట్రాక్ మీద ఆ సమయం ఇవ్వలేవు. పరుగుకు మనం చేసిన మేలు హాకీకి కూడా చేయాలని అడుగుతున్నాను.

హాకీకి నేల ఎంత ముఖ్యమో తెలియాలంటే ఒకసారి వెనక్కి వెళ్ళాలి. 1975 మార్చి 15. కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ ఫైనల్. మనకూ పాకిస్తాన్‌కూ ఆట. ఆ రోజు మన దేశం ఆ ఆటను చూడలేదు, విన్నది. ఆకాశవాణిలో జస్‌దేవ్ సింగ్ హిందీలో ఊపిరి సలపకుండా చెబుతుంటే రేడియో ఉన్న ప్రతి హోటలు ముందూ, ప్రతి అరుగు మీదా జనం. సుర్జీత్ సింగ్ గోలుతో లెక్క సమం అయింది. ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కొట్టిన గోలుతో 2-1తో గెలిచాం. అజిత్‌పాల్ సింగ్ కప్పు ఎత్తాడు. అది పచ్చగడ్డి మీద ఆడిన ఆట.

ఆ మరుసటి ఏడే 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ టర్ఫ్ మీద ఆడించారు. 1928 నుంచి 1972 దాకా ఒక్క ఒలింపిక్స్ కూడా వదలకుండా పతకం తెచ్చిన మన జట్టు అక్కడ 7వ స్థానంలో నిలిచింది. 1980లో మాస్కోలో స్వర్ణం వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ పతకం చూడటానికి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ దాకా, అంటే 41 ఏళ్ళు ఆగాం. ఈ కరువుకు కారణాలు చాలా ఉన్నాయి. పాలక సంఘాల తగాదాలు ఉన్నాయి, శిక్షణలో వెనకబాటు ఉంది. అన్నిటికంటే పెద్దది నేల మారడమేనని నేను నమ్ముతాను. యూరప్ పిల్లలు క్లబ్బులో టర్ఫ్ మీద ఆడుతూ పెరుగుతుంటే మన పిల్లలు స్కూలు వెనక ఎర్రమట్టిలో ఆడారు. మట్టి మీద బంతి ఎటు లేస్తుందో తెలియదు. అందుకే మనవాళ్ళు బంతిని కర్రకు అంటించుకుని, ఆపుకుని, తప్పించుకుని ఆడారు. ఆ నైపుణ్యాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంది. టర్ఫ్ మీద బంతి గీత గీసినట్టు పోతుంది. అక్కడ గెలిచేది వేగం, ఒక్క తాకుతో అందించే పాసు, ఊపిరి. మట్టి మీద పదేళ్ళు నేర్చుకున్న పిల్లవాడు మొదటిసారి టర్ఫ్ ఎక్కితే కొత్త ఆట మొదలుపెట్టినట్టే.

టర్ఫ్ అంటే పైకి కనిపించే నీలం రంగు కార్పెట్ ఒక్కటే అనుకుంటాం. పని అంతా దాని కింద ఉంటుంది. ముందు నేలను రోలరుతో తొక్కించి గట్టి చేస్తారు. దాని మీద కంకర, కంకర మీద తారు. తారు ఆరాక రబ్బరు ముక్కలతో చేసిన మెత్తని పొర పరుస్తారు. ఆటగాళ్ళ మోకాళ్ళను కాపాడేది ఆ పొరే. అన్నిటి పైన పొట్టి పోగుల కార్పెట్. కంటికి చదునుగా కనిపించినా నీళ్ళు అంచుల్లోని కాలువల్లోకి జారేలా కొద్దిపాటి వాలు ఇస్తారు. మైదానాన్ని ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, సాయంత్రం పూట పడమటి ఎండ గోల్‌కీపర్ కళ్ళలో పడకూడదు కదా. ఇందులో ఏ ఒక్క పొర దగ్గర కక్కుర్తి పడినా రెండో వానాకాలానికే గుంటలు పడతాయి, అతుకులు లేస్తాయి. టెండరు పిలిచేవాళ్ళు, పని చూసే ఇంజినీర్లు గుర్తుపెట్టుకోవలసింది కార్పెట్ రంగు కాదు, దాని కింద ఉన్న ఆ నాలుగు పొరలు.

మేలు రకం టర్ఫ్‌ను తడిపి ఆడాలి. ఆటకు ముందు అంచుల్లో ఉన్న పెద్ద స్ప్రింక్లర్లు ఒక్కొక్కటిగా తిరుగుతూ మైదానమంతా నీళ్ళు చల్లుతాయి. ఒక్కసారి తడపడానికే వేల లీటర్లు పడతాయి. తడి ఉంటే బంతి సాఫీగా జారుతుంది, పడ్డ ఆటగాడి చర్మం గీరుకుపోదు. మే నెలలో వరంగల్ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, కాలే కార్పెట్ చల్లబడటానికి కూడా ఆ నీళ్ళే దిక్కు. తాగునీటికి బిందెలు పట్టుకుని నిలబడే బస్తీలు ఉన్న ఊళ్ళో ఆటకు ఇన్ని నీళ్ళా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను తోసేయకూడదు. న్యాయమైన ప్రశ్న అది.

దీనికి జవాబు పార్కులోనే ఉందంటాను. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించిన కాకతీయుల రాజధాని ఇది. వాన నీటిని ఒడిసిపట్టి నిలబెట్టడం ఈ నేలకు వచ్చిన విద్య. టర్ఫ్ మీద కురిసిన వాన, ఆటకు చల్లిన నీరు కాలువల్లోంచి ఒక సంపులోకి చేరితే, వడకట్టి మళ్ళీ వాడుకోవచ్చు. మిగిలింది చెట్లకు పోతుంది. ఊరి బయట కాంక్రీటు మధ్య స్టేడియం కడితే ఆ నీళ్ళు మురికి కాలువ పాలు. పైగా తడపనవసరం లేని రకాలు కూడా ఉన్నాయి. పోగుల మధ్య ఇసుక నింపిన టర్ఫ్‌కు నీళ్ళు అక్కర్లేదు. పెద్ద పోటీలకు అది పనికిరాకపోవచ్చు, స్కూలు పిల్లలు నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది. అంతర్జాతీయ హాకీ సమాఖ్య కూడా నీటి వాడకం తగ్గించే వైపే నడుస్తోంది. పారిస్ ఒలింపిక్స్‌లో వేసిన కార్పెట్ పోగుల్లో ఎక్కువ భాగం చెరకు నుంచి తీసిన ముడిసరుకుతో తయారైంది.

పార్కులో హాకీ స్టేడియం కొత్త ఆలోచన కాదు. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆమ్‌స్టెల్‌ఫేన్ అని ఒక ఊరు ఉంది. అక్కడ దాదాపు వెయ్యి హెక్టార్ల పార్కు ఒకటి ఉంది, ఆమ్‌స్టర్‌డామ్సే బోస్ అంటారు. అది సహజంగా పుట్టిన అడవి కాదు. 1930లలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయినప్పుడు, పని లేని వేలమందికి కూలి ఇవ్వడానికి ప్రభుత్వం మొదలుపెట్టిన పని. మనుషులు పారలతో మట్టి తవ్వి, మొక్కలు నాటి ఆ అడవిని తయారుచేశారు. పడవ పందేలకు పొడవాటి కాలువ తవ్వారు, ఆ చెట్ల మధ్యనే హాకీకి వాగెనర్ స్టేడియం కట్టారు. 1973 ప్రపంచకప్ ఫైనల్ మన జట్టు ఆడింది అక్కడే. సుర్జీత్ సింగ్ మొదటి కొద్ది నిమిషాల్లోనే రెండు గోల్స్ కొట్టాడు. ఆట 2-2గా ముగిసింది, పెనాల్టీ స్ట్రోకుల్లో డచ్చివాళ్ళు గెలిచారు. ఓడినా ఆ మాట ఎందుకు ఎత్తానంటే, కూలీలు తమ ఊరికోసం తవ్వుకున్న ఒక పార్కు ప్రపంచ హాకీకి పుట్టిల్లు అయింది. ఆదివారం సైకిలు మీద పిల్లలతో వచ్చి, చెట్టు కింద రొట్టె తిని, పక్కనే ఆట చూసి పోయే అలవాటు ఉన్న చోట ఆట వేరే ప్రచారం లేకుండానే పెరుగుతుంది.

లండన్ సంగతీ అంతే. 2012 ఒలింపిక్స్ అయిపోయాక ఆ ఆవరణనంతా క్వీన్ ఎలిజబెత్ ఒలింపిక్ పార్కుగా జనానికి తెరిచారు. అందులో 2014లో లీ వ్యాలీ హాకీ, టెన్నిస్ కేంద్రం మొదలైంది. శాశ్వతంగా కట్టిన సీట్లు 3,000 మాత్రమే. 2018లో మహిళల ప్రపంచకప్ వచ్చినప్పుడు తాత్కాలికంగా గ్యాలరీలు పెంచుకున్నారు, ఆట అయ్యాక తీసేశారు. మిగతా రోజుల్లో అక్కడ ఆడేది స్కూలు పిల్లలు, చుట్టుపక్కల క్లబ్బులు. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. మనం ముందు వేలమంది కూర్చునే గ్యాలరీ కట్టేస్తాం, ఆ తర్వాత ఆడేవాళ్ళ కోసం వెతుక్కుంటాం. ఖాళీ గ్యాలరీలో పిచ్చి మొక్కలు మొలుస్తాయి.

మన పొరుగున ఒడిశా వేరే దారిలో వెళ్ళింది. 2018, 2023 ప్రపంచకప్పులు భువనేశ్వర్‌లో జరిగాయి. రెండోసారికి రూర్కెలాలో కూడా బిర్సా ముండా పేరు మీద 20 వేలకు పైగా జనం పట్టే స్టేడియం కట్టారు. అందరూ ఆ స్టేడియాలనే చూస్తారు. నేను చూడమనేది సుందర్‌గఢ్ జిల్లాను. దిలీప్ తిర్కే లాంటివాళ్ళను ఇచ్చిన ఆదివాసీ జిల్లా అది. అక్కడి పల్లెల్లో వెదురు కర్రను వంచి హాకీ ఆడతారు. గెలిచిన జట్టుకు బహుమానం మేకపోతు. ఖస్సీ టోర్నమెంటు అని దానికి పేరే ఉంది. రాత్రికి ఊరంతా విందు. అంత ప్రేమ ఉన్న చోట ప్రభుత్వం బ్లాకుకు ఒక టర్ఫ్ చొప్పున వేసే పని పెట్టుకుంది. ముందు ఆట ఉంది, తర్వాత నేల వచ్చింది.

వరంగల్‌కు ఆ పాఠం నేరుగా వర్తిస్తుంది. ములుగు, ఏటూరునాగారం, మహబూబాబాద్ వైపు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో కోయ పిల్లలు, లంబాడా పిల్లలు వేలమంది చదువుతున్నారు. వాగులు దాటి, గట్లెక్కి పెరిగిన కాళ్ళు వాళ్ళవి. ఊపిరి గురించి వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పై చదువులకు వాళ్ళు వచ్చి చేరేది హనుమకొండకే. వచ్చిన ఊళ్ళో హాస్టలుకు నడిచిపోయే దూరంలో ఒక మైదానం కనిపిస్తే, అందులో తమ ఈడు పిల్లలు ఆడుతుంటే, వాళ్ళు గీత బయట ఎంతసేపు నిలబడతారు? కాజీపేట ఎలాగూ రైల్వే ఊరు. దేశంలో హాకీ ఆడి రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయిలు ఎంతమందో ఉన్నారు. జాతీయ పోటీల్లో రైల్వే మహిళల జట్టంటే మిగతా జట్లకు హడల్. ఆట కూడు పెట్టదని దిగులుపడే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలి.

ఇక సౌకర్యాల మాట. స్టేడియం అనగానే మన దృష్టి గేటు మీద కట్టే కమాను మీదికి పోతుంది. పార్కులో హాకీ బతకాలంటే కావలసినవి చాలా మామూలు సంగతులు. మొదటిది వల. హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, రాయిలా గట్టిగా ఉంటుంది. గట్టిగా కొడితే గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటుతుంది. రెండు గోల్‌పోస్టుల వెనకా ఎత్తైన వల లేకుండా పార్కులో హాకీ ఆడించడం నేరం. పక్కల నడుము ఎత్తు ఫెన్సింగు చాలు, ఆట కనిపించాలి కాబట్టి గోడ మాత్రం వద్దు.

ఆ కనిపించడం ఎంత విలువైనదో ఒక్క పెనాల్టీ కార్నర్ చూస్తే తెలుస్తుంది. గోలు గీత వెనక గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు నిలబడతారు. ముఖాలకు మాస్కులు తొడుక్కుంటారు. ఒక ఆటగాడు గీత మీద నుంచి బంతిని తోస్తాడు. గోలు ముందు అర్ధవృత్తంలా గీసిన డీ బయట ఒకడు దాన్ని ఆపుతాడు. మూడోవాడు ఒళ్ళంతా వంచి, బంతిని కర్ర మెడలో ఇముడ్చుకుని ఈడ్చుకొచ్చి విసురుతాడు. గోలు లోపల కింది భాగంలో 46 సెంటీమీటర్ల ఎత్తు పలకలు ఉంటాయి. బంతి వాటికి తగిలితే ధన్‌మని మోగుతుంది. మొత్తం రెండు క్షణాల పని. ఆ చప్పుడు విని వాకింగు చేసేవాడు ఆగుతాడు. వెంట ఉన్న మనవడు ఏమైంది తాతా అని అడుగుతాడు. ఆ పిల్లవాడు రేపు అదే వేళకు తాతను అక్కడికే లాక్కొస్తాడు. ఊరి బయట ఎంత గొప్ప స్టేడియం కట్టినా ఆ పిల్లవాడు అందులోకి రాడు.

రెండోది ఆడపిల్లలకు కావలసినవి. బట్టలు మార్చుకునే గది, లోపల గడియ సరిగా పడే తలుపు, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి. ఈ మూడూ లేకపోతే పన్నెండేళ్ళు దాటిన అమ్మాయి ప్రాక్టీసుకు రావడం మానేస్తుంది. మానేసిందని కూడా మనకు ఎవరూ చెప్పరు. చీకటి పడ్డాక ఇంటికి ఎలా పంపాలన్న భయం తల్లికి ఉంటుంది. పార్కులో కుటుంబాలు తిరుగుతుంటాయి, దీపాలు వెలుగుతుంటాయి, తల్లి కూడా వచ్చి బెంచీ మీద కూర్చోగలదు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఎతిమరపు రజని భారత జట్టుకు గోల్‌కీపర్ అయింది. రియో, టోక్యో ఒలింపిక్స్ జట్లకు ఆమె రిజర్వు గోల్‌కీపర్. అలాంటి అమ్మాయి మన దగ్గర కూడా ఎక్కడో ఏడో తరగతి చదువుతూ ఉండవచ్చు. గడియ పడని తలుపు ఆమెను ఆపకూడదు.

మూడోది కర్రల గది. పిల్లల ఎత్తును బట్టి హాకీ కర్ర పొడవు మారుతుంది, ఏడాదికోసారి కొత్తది కొనే స్తోమత కూలి చేసుకునే ఇంటికి ఉండదు. గోల్‌కీపర్ సరంజామా అయితే మధ్యతరగతికి కూడా భారమే. లైబ్రరీలో పుస్తకాల్లాగ కర్రలు, షిన్‌గార్డులు, ఒక జత గోల్‌కీపర్ ప్యాడ్లు పార్కు గదిలో ఉండాలి. ఆడి, తుడిచి, తిరిగి ఇచ్చి పోవాలి.

నాలుగోది నేను గట్టిగా చెప్పదలచుకున్నది. టర్ఫ్ మీద సభలు పెట్టకూడదు. మన ఊళ్ళలో కాస్త చదునైన జాగా కనిపిస్తే షామియానా గుంజలు దిగుతాయి, లారీలు ఎక్కుతాయి, ఎగ్జిబిషన్ల రంగులరాట్నాలు వస్తాయి. మట్టి గ్రౌండు ఆ దెబ్బలను తట్టుకుంటుంది, పిల్లలు మళ్ళీ చదును చేసుకుని ఆడుకుంటారు. టర్ఫ్‌లో ఒక్క గుంజ దిగితే కింద ఉన్న రబ్బరు పొర, తారు పొర అన్నీ పోయినట్టే. ఎనిమిది పదేళ్ళు రావలసిన టర్ఫ్ మూడేళ్ళకే చిరుగుతుంది. మైదానం కట్టే రోజునే ఇక్కడ ఏ పార్టీ సభకూ, ఏ పెళ్ళికీ, ఏ పండగకూ అనుమతి లేదని నగరపాలక సంస్థ తీర్మానం చేసి గేటు మీద రాసి పెట్టాలి.

ఇంత డబ్బు ఎక్కడిదని అడుగుతారు. నిండు మైదానానికి కోట్లు కావాలి, నిజమే. అందుకే నేను చిన్నగా మొదలుపెట్టమంటాను. హాకీ ఫైవ్స్ అని కొత్త రూపం వచ్చింది. జట్టుకు అయిదుగురే. 2014 యూత్ ఒలింపిక్స్‌లో ఆడించారు, 2024 జనవరిలో మస్కట్‌లో మొదటి ప్రపంచకప్ జరిగింది, మన మహిళల జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. దీనికి కోర్టు 40 మీటర్ల పొడవు, 28 మీటర్ల వెడల్పు ఉంటే చాలు. చుట్టూ కాస్త ఖాళీ వదిలినా 15 గుంటల్లోపు సరిపోతుంది. అయిదుగురే కాబట్టి ప్రతి పిల్లకూ బంతి ఎక్కువసార్లు అందుతుంది, నేర్చుకోవడం తొందరగా జరుగుతుంది. నగరంలో ఒక పార్కులో ముందు ఇలాంటి కోర్టు వేయండి. రెండేళ్ళు నడవనివ్వండి. పిల్లలు నిండితే, వాళ్ళే ఎకరా 23 గుంటలు అడుగుతారు. అప్పుడు కాదనడం ఏ అధికారికీ సాధ్యం కాదు.

తెలుగు నేలకు హాకీ పరాయిది అనుకునేవాళ్ళకు ఒక మాట. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు. 2003లో గచ్చిబౌలి హాకీ స్టేడియంలో ఆఫ్రో ఏషియన్ క్రీడల ఫైనల్లో మన మగవాళ్ళ జట్టు పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. కాకినాడలో టర్ఫ్ ఉంది, 2023లో మహిళల సీనియర్ జాతీయ పోటీలు అక్కడ జరిగాయి. కాకినాడకు సాధ్యమైంది కాకతీయుల ఊరికి ఎందుకు సాధ్యం కాదు?

నేల ఒక్కటే ఆటగాళ్ళను తయారుచేయదన్నది కూడా వరంగల్‌కు తెలిసిన సంగతే. పర్వతగిరి మండలం కల్లెడ ఒక చిన్న పల్లె. ఆ ఊరి బడిలో విలువిద్య నేర్పితే వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. అదే కల్లెడలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన జీవాంజి దీప్తి 2024లో కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఒక పల్లె నుంచి ఇద్దరు. అక్కడ వెలుగులు చిమ్మే స్టేడియం లేదు. పిల్లను చూసి, దీనిలో ఏదో ఉందని గుర్తుపట్టిన పెద్దలు ఉన్నారు. కాబట్టి పార్కులో టర్ఫ్ వేసినప్పుడు దానితోపాటే జీతం సక్రమంగా అందే ఒక కోచ్‌ను కూడా ఇవ్వాలి. వీలైతే ఒక మహిళా కోచ్ ఉండాలి. చుట్టుపక్కల సర్కారు బడుల పీఈటీ సార్లకు, మేడమ్‌లకు వారంలో ఏ రోజు ఎవరి పిల్లలు రావాలో ముందే పట్టిక ఇవ్వాలి. పొద్దున బడి వేళకు ముందు, సాయంత్రం బడి విడిచాక పదహారేళ్ళలోపు పిల్లల దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. పెద్దల జట్లు, ఆఫీసుల జట్లు రాత్రి దీపాల కింద ఆడుకుని రుసుము కట్టవచ్చు. కరెంటు బిల్లు, నిర్వహణ ఖర్చుల్లో కొంతైనా అందులోంచి వస్తుంది.

శ్రోతల్లో నగరపాలక సంస్థలో, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ కుడాలో పనిచేసేవాళ్ళు ఉంటే వాళ్ళకు నా విన్నపం. పార్కులకు కొత్త నమూనాలు గీసేటప్పుడు ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్ పక్కన పదిహేను గుంటల హాకీ కోర్టుకు కూడా ఒక గడి గీయండి. తల్లిదండ్రులకు ఇంకో విన్నపం. మీ కార్పొరేటర్ ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డు, నల్లా, కాలువలతోపాటు ఈ కోర్టు కూడా అడగండి. మీ బడి పీఈటీ సారుతో కలిసి పిల్లల పేర్లతో ఒక దరఖాస్తు రాసి, పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వండి. ఒక్క పార్కులో ఒక్క కోర్టు వచ్చేదాకా ఆ దరఖాస్తు వెంట తిరగండి.